గొలుసు పట్టిన చుట్టాలు

ఇది 1825. ఆర్కాన్సా నది ఒడ్డున, ఫోర్ట్ స్మిత్ అనే చిన్న కోట దగ్గర నిలబడ్డారు మీరు. కోట నుంచి తూర్పుగా వంద అంగలు వేస్తే ఒక గుర్తు. అక్కడ దిక్సూచి పట్టుకుని దక్షిణానికి చూస్తున్న మనిషికి ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు. పేరు జేమ్స్ సెవియర్ కాన్వే. అమెరికాలో ఈ ప్రాంతం ఇంకా రాష్ట్రం కాలేదు, టెరిటరీ మాత్రమే. కాన్వే గీయబోయే గీతకు తూర్పున టెరిటరీ, పడమర చాక్టా జాతివారి భూమి.

ఇద్దరు చైన్‌మన్లు ఇనుప గొలుసు పట్టుకుని కదిలారు. గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు 100. ముందువాడు గొలుసును బిగలాగి, కొస దగ్గర నేలలో పుల్ల గుచ్చుతాడు. వెనకవాడు అక్కడికి చేరి ఆ పుల్ల పీకి తన దగ్గర ఉంచుకుంటాడు. చేతిలోని పుల్లలే లెక్క. ఇలా 80 గొలుసులు నడిస్తే ఒక మైలు. గొడ్డలివాళ్లు దారికి అడ్డొచ్చిన పొదలు నరుకుతూ, చెట్ల మీద గాట్లు పెడుతూ సాగుతున్నారు.

ఈ గీత తిన్నగా దక్షిణానికి పోయి రెడ్ నదిని తాకాలి. మీరు వాళ్ల వెంటే నడవండి. పోయేకొద్దీ గీత కొంచెం కొంచెంగా పడమటికి ఒరిగిపోతోంది. కొలిచేవాళ్ల వెంట నడుస్తూ ఆ ఒరుగుడు కనిపెట్టడం మీ వల్ల కాదు. దశాబ్దాల తర్వాత మళ్లీ కొలిచి లెక్క తేలిస్తే చాక్టాల భూమి 1 లక్ష 36 వేల ఎకరాలకు పైగా ఆర్కాన్సా వైపు పడినట్టు బయటపడింది. ఎకరాకు 50 సెంట్ల లెక్కన వాళ్లకు డబ్బిచ్చారు, హద్దు మాత్రం వెనక్కి జరగలేదు. ఇవాళ అమెరికా పటం తీసి ఫోర్ట్ స్మిత్ దగ్గర చూస్తే ఆర్కాన్సా పడమటి సరిహద్దులో ఆ వంపు కనిపిస్తుంది.

దిక్సూచి ఈ కుర్రవాడి చేతికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఇతని మేనమామ దగ్గరికి వెళ్లాలి. జేమ్స్ తల్లి ఆన్ రెక్టర్. ఆమె తమ్ముళ్లూ అన్నలూ సర్వే పనిలో ఆరితేరినవాళ్లు. వారిలో విలియం రెక్టర్ సెయింట్ లూయిస్‌లో కూర్చుని ఇల్లినాయ్, మిస్సోరి, ఆర్కాన్సా భూముల సర్వే మొత్తాన్ని నడిపించిన సర్వేయర్ జనరల్. మైలుకింత అని కూలి కట్టే ఆ కాంట్రాక్టులను ఆయన తన సొంత మనుషులకే పంచుతున్నాడని మిస్సోరిలో ఫెడరల్ ప్రభుత్వ న్యాయవాది జాషువా బార్టన్ పత్రికకు ఎక్కాడు. విలియం తమ్ముడు థామస్ రెక్టర్ అతన్ని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. 1823 జూన్ 30న మిసిసిపీ మధ్యలోని బ్లడీ ఐలాండ్ అనే లంక మీద బార్టన్ తుపాకి గుండుకు చనిపోయాడు. అయినా ఆరోపణ చావలేదు. ఆ తర్వాత కొద్దికాలానికే విలియం రెక్టర్ ఉద్యోగం ఊడింది.

సర్వేయరు అంటే అక్కడ చిన్న ఉద్యోగి కాడు. కొత్త దేశంలో నేలను మొదట చూసేది అతనే. ఏ మలుపులో నల్లరేగడి ఉంది, ఎక్కడ వరద రాదు, ఎక్కడ పత్తి పండుతుంది అన్నది అమ్మకం ప్రకటన రాకముందే అతనికి తెలుస్తుంది. ఈ జేమ్స్ తర్వాతి రోజుల్లో రెడ్ నది పక్కన వాల్‌నట్ హిల్ అనే పెద్ద పత్తి తోటకు యజమాని. తోటలో పని చేసింది బానిసలు. 1820 జనగణనలో టెరిటరీ జనం 14,273 మంది. వారిలో బానిసలు 1,617 మంది. గొలుసు కొలిచిన ప్రతి మైలు వెనకా ఆ రెండో అంకె పెరుగుతూ పోయింది.

1827: పెళ్లి, తుపాకి, ఎన్నిక

ఇప్పుడు రెండేళ్లు ముందుకు రండి. జేమ్స్ అన్న హెన్రీ వార్టన్ కాన్వే టెరిటరీ తరఫున వాషింగ్టన్ కాంగ్రెస్‌లో ప్రతినిధి. ఓటు హక్కు లేని పదవే, కానీ కేంద్రం నుంచి డబ్బు, ఉద్యోగాలు, భూమి హక్కులు వచ్చేది ఆ తలుపు గుండానే. ఆగస్టులో జరిగిన ఎన్నికలో హెన్రీకి 2,427 ఓట్లు, ప్రత్యర్థి రాబర్ట్ ఓడెన్‌కు 856.

ఓడెన్ వెనక ఉన్నది రాబర్ట్ క్రిటెండెన్. ఇతనూ ఒంటరివాడు కాడు. అన్న జాన్ క్రిటెండెన్ కెంటకీ రాజకీయాల్లో పెద్ద తల. రాబర్ట్ 22 ఏళ్ల వయసులో టెరిటరీ కార్యదర్శిగా వచ్చాడు. గవర్నర్ ఇంకా చేరకపోతే 1819లో ప్రభుత్వాన్ని తానే నిలబెట్టాడు. ఒకప్పుడు హెన్రీని గెలిపించిందీ ఇతనే. ఇద్దరికీ చెడింది క్వాపా జాతివారి పేరున వచ్చిన డబ్బు దగ్గర. 1824లో క్వాపాలు తమ భూమిని వదులుకునే ఒప్పందం మీద గుర్తు పెట్టారు. ఆ పని కోసం వాషింగ్టన్ నుంచి తెచ్చిన డబ్బులో 600 డాలర్లు హెన్రీ తన ఖర్చులకు వాడుకున్నాడన్నది ఎన్నికల్లో లేచిన ఆరోపణ. క్రిటెండెన్‌కు తెలిసే వాడానన్నది హెన్రీ జవాబు. పత్రికలో మాట మీద మాట పెరిగింది.

సెప్టెంబర్‌లో ఇంకో కబురు. కాన్వేల దగ్గరి చుట్టం, వయసులో పాతికేళ్లవాడు ఆంబ్రోస్ సెవియర్, జడ్జి బెంజమిన్ జాన్సన్ కూతురు జూలియెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. సెవియర్ పెద్దలు టెన్నెసీలో పేరున్నవాళ్లు, ఆ రాష్ట్రపు మొదటి గవర్నర్ జాన్ సెవియర్ ఈ వంశంవాడే. జాన్సన్‌లు కెంటకీ వాళ్లు. జడ్జిగారి అన్న రిచర్డ్ మెంటర్ జాన్సన్ సెనేటర్. ఒక్క పెళ్లితో సర్వే గొలుసు, కోర్టు బల్ల, వాషింగ్టన్‌లో పలుకుబడి ఒక్క ఇంట్లో కలిశాయి.

అక్టోబర్ 29. వైట్ నది మిసిసిపీలో కలిసేచోటికి ఎదురుగా ఉన్న లంక మీదికి పడవలు చేరాయి. హెన్రీ కాన్వే పక్కన నిలబడింది వార్టన్ రెక్టర్, తల్లి వైపు వాడు. క్రిటెండెన్ పక్కన బెన్ డెషా. ఏర్పాట్లు జరిగేదాకా క్రిటెండెన్ దుప్పటి పరుచుకుని కళ్లు మూసుకుని పడుకున్నాడని చెప్పుకుంటారు. అంగలు కొలిచారు. రెండు పిస్తోళ్లూ దాదాపు ఒకేసారి పేలాయి. హెన్రీ గుండు క్రిటెండెన్ కోటు బొత్తాన్ని రాసుకుంటూ పోయింది. క్రిటెండెన్ గుండు హెన్రీ జేబులో ఉన్న దంతపు దువ్వెనను తాకింది. గుండు పక్కటెముకల దగ్గర ఆగింది, దువ్వెన ముక్కలు లోపలికి దిగాయి. ఆ పూటకు బతికాడు. గాయం చీము పట్టింది. నవంబర్ 9న ఆర్కాన్సా పోస్ట్‌లో పోయాడు. వయసు 34.

డిసెంబర్‌లో ఖాళీ అయిన సీటుకు మళ్లీ ఎన్నిక. గెలిచింది ఆంబ్రోస్ సెవియర్, చనిపోయినవాడి చుట్టం, జడ్జిగారి కొత్త అల్లుడు. పెళ్లికీ ఈ గెలుపుకీ మధ్య మూడు నెలలు కూడా లేవు. ఆర్కాన్సాలో జనం ఈ కూటమిని "ద ఫ్యామిలీ" అనే పిలిచారు. క్రిటెండెన్ 1834 చివర్లో చనిపోయేదాకా పోరాడినా ఈ గోడను దాటలేకపోయాడు. క్వాపాలు ఈ ఎన్నిక నాటికే ఊళ్లు విడిచి రెడ్ నది వైపు వెళ్లి, వరదకు పంట పోగొట్టుకుని ఆకలితో చనిపోతున్నారు. ఏ పేరు మీద ఇంత కోపం రేగిందో ఆ జనం ఈ గొడవలో ఏ పక్షానా లేరు.

1836: ఒకే గదిలో

జూన్ 15న ఆర్కాన్సా రాష్ట్రమైంది. సెప్టెంబర్‌లో లిటిల్ రాక్‌లో, నది ఒడ్డున కడుతున్న స్టేట్ హౌస్‌లోకి అడుగుపెట్టండి. గ్రీకు గుడిలా ఎత్తయిన స్తంభాలు లేస్తున్నాయి. పని పూర్తి కాలేదు, శాసనసభ మాత్రం మొదలైపోయింది.

13వ తేదీన ప్రమాణం చేస్తున్న మొదటి గవర్నర్ జేమ్స్ కాన్వే. ఫోర్ట్ స్మిత్ దగ్గర గొలుసు నడిపినవాడే. రాష్ట్ర జమాఖర్చులు చూసే ఆడిటర్ ఆయన తమ్ముడు ఎలయాస్. ఖజానా చూసేది విలియం వుడ్రఫ్. రక్తసంబంధం లేకపోయినా 1819లో తానే మొదలుపెట్టిన ఆర్కాన్సా గెజెట్ పత్రికతో ఈ కుటుంబాన్ని మోస్తున్నవాడు. వాషింగ్టన్‌కు సెనేటర్‌గా వెళ్తున్నది సెవియర్. కొత్తగా ఏర్పడిన ఫెడరల్ కోర్టులో జడ్జి సెవియర్ మామగారు బెంజమిన్ జాన్సన్. కొద్ది నెలలు ఆగితే 1837 మార్చిలో జూలియెట్ పెదనాన్న రిచర్డ్ జాన్సన్ అమెరికా ఉపాధ్యక్షుడై, సెవియర్ కూర్చునే సెనేట్‌కు అధ్యక్షత వహిస్తాడు.

మీరు ఆ రోజు అక్కడ చిన్న పొలం ఉన్న రైతు అనుకోండి. భూమి పట్టాకు, పన్ను లెక్కకు, కోర్టు వ్యాజ్యానికి మీరు ఏ తలుపు తట్టినా లోపల ఉన్నది ఆ ఇంటివాళ్లే లేదా వాళ్లకు కావలసినవాళ్లే. వీళ్లు అసమర్థులని మాత్రం అనలేం. రోడ్లు లేని, బడులు లేని, ఉత్తరం చేరడానికి వారాలు పట్టే చోట ఒకరి మాట ఒకరు నమ్మి ప్రభుత్వం అనేదాన్ని నిలబెట్టినవాళ్లు. ముక్కూమొగం తెలియని కొత్తవాళ్లు వచ్చి దిగుతున్న దేశంలో చుట్టరికం తప్ప ఇంకే పూచీ ఉంది? కుటుంబ రాజకీయాలు మొదట జనానికి నచ్చేదీ ఇందుకే. పని త్వరగా అవుతుంది. ఎవర్ని అడగాలో తెలుస్తుంది.

చిక్కంతా పని చేసేవాణ్ణి ప్రశ్నించాల్సినవాడు కూడా అతని చుట్టమే కావడంలో ఉంది.

1837: సభలో కత్తి

డిసెంబర్ 4. అదే భవనంలో కింది సభ. తోడేళ్లను చంపి తలతోళ్లు తెచ్చినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రాల గురించి చర్చ. స్పీకర్ కుర్చీలో జాన్ విల్సన్. ఆయన కాన్వేల చుట్టం కాడు, వాళ్ల పక్షం మనిషి. ఇంకో పదవి కూడా ఆయనదే. శాసనసభ పుట్టించిన రియల్ ఎస్టేట్ బ్యాంకుకు అధ్యక్షుడు.

రాండాల్ఫ్ కౌంటీ సభ్యుడు జోసెఫ్ ఆంథొనీ లేచాడు. ఆ పత్రాల మీద రియల్ ఎస్టేట్ బ్యాంకు అధ్యక్షుడు సంతకం పెడితే సరిపోతుందన్నాడు. ఆ బ్యాంకు కాగితానికి తోడేలు తోలుకున్నంత విలువే ఉందన్న ఎత్తిపొడుపు అది. కూర్చోమన్నాడు స్పీకర్. ఆంథొనీ కూర్చోలేదు. విల్సన్ బోవీ కత్తి దూసి వేదిక దిగాడు. ఆంథొనీ కూడా కత్తి తీశాడు. ఒక సభ్యుడు ఇద్దరి మధ్యా కుర్చీ అడ్డం పెట్టాడు. విల్సన్ చేతికి లోతుగా తెగింది. మరుక్షణం ఆయన కత్తి ఆంథొనీ ఛాతీలో దిగింది. సభ నేల మీదే ఆంథొనీ ప్రాణం పోయింది.

విల్సన్‌ను సభ వెలివేసింది. న్యాయస్థానం నిర్దోషిగా వదిలేసింది. కొన్నేళ్లకు ఆయన మళ్లీ అదే సభకు ఎన్నికయ్యాడు.

ఇంత కోపం తెప్పించిన ఆ బ్యాంకు ఎలా పనిచేసిందో చూద్దాం. పత్తి తోటల యజమానులు తమ భూమిని తాకట్టు పెట్టి వాటాదారులవుతారు. బ్యాంకుకు మూలధనం కోసం రాష్ట్రం 20 లక్షల డాలర్ల బాండ్లు ఇస్తుంది. ఆ బాండ్లు అమ్మగా వచ్చిన డబ్బును బ్యాంకు తిరిగి ఆ వాటాదారులకే అప్పిస్తుంది. వాళ్లు తీర్చకపోతే బాండ్లకు జవాబుదారీ రాష్ట్ర ప్రజలు. అంటే లాభం తోటల వాళ్లది, పూచీ పన్ను కట్టేవాళ్లది. బాండ్లు అమ్మిపెట్టే బాధ్యత తీసుకున్నవాళ్లలో సెనేటర్ సెవియర్ ఒకడు.

ఆ బాండ్లు ఎవరు కొన్నారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. జేమ్స్ స్మిత్సన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త విజ్ఞానవ్యాప్తి కోసం అమెరికాకు రాసిచ్చిన ఆస్తి 1838లో అక్కడికి చేరింది. ఆ డబ్బులో 5 లక్షల డాలర్లకు పైగా ఫెడరల్ ఖజానా ఆర్కాన్సా బాండ్లలో పెట్టింది. ఆ తర్వాత పత్తి ధర పడిపోయింది, అప్పులు నిలిచిపోయాయి, రాష్ట్రం వడ్డీ కట్టలేనంది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పట్టు వదలకుండా పోరాడాడు. చివరకు కాంగ్రెస్సే ఆ లోటుకు పూచీ తీసుకున్నాకే 1846లో స్మిత్సోనియన్ సంస్థ పుట్టింది.

అదే ఏడాది ఆర్కాన్సా తన రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించుకుంది. సవరణ సారాంశం ఏమంటే ఈ రాష్ట్రంలో ఇక కొత్త బ్యాంకు పెట్టకూడదు. తన చేతులను తానే కట్టేసుకున్న ఆ రాష్ట్రంలో విత్తనాలకో కాడెద్దుకో అప్పు కావలసిన రైతు వర్తకుడి దగ్గరికో, తోట యజమాని దగ్గరికో పోవాలి.

1852 నుంచి 1860 దాకా: చుట్టంపై చుట్టం

సెవియర్ 1848 డిసెంబర్ 31న పోయాడు. కుటుంబం ఆగలేదు. 1852లో ఎలయాస్ కాన్వే గవర్నర్ అయ్యాడు, ఎనిమిదేళ్లు ఉన్నాడు. మరుసటి ఏడాది జడ్జిగారి కొడుకు, సెవియర్ బావమరిది రాబర్ట్ వార్డ్ జాన్సన్ సెనేట్‌కు వెళ్లాడు. రాబర్ట్ తమ్ముడు, పెదనాన్న పేరే ఉన్న ఇంకో రిచర్డ్ జాన్సన్, కుటుంబ పక్షపు పత్రికకు సంపాదకుడు.

ఎలయాస్‌ను చూసి ఈ కథకు తీర్పు చెప్పేయడం అంత సులువు కాదని నాకనిపిస్తుంది. ఆయన పెళ్లి చేసుకోలేదు, పొదుపు మనిషి. రైలు కంపెనీలకు పెద్ద హామీలు ఇవ్వడం కంటే ముందు మట్టిరోడ్లు బాగుచేద్దామన్నాడు. అన్న హయాంలో పుట్టిన రియల్ ఎస్టేట్ బ్యాంకు లెక్కలు బయటికి తీయాలని పట్టుబట్టింది ఈ తమ్ముడే. ఆ వ్యాజ్యం కోసమే 1855లో లిటిల్ రాక్‌లో ప్రత్యేక ఛాన్సరీ కోర్టు ఏర్పడింది. కానీ అన్న దిగి 15 ఏళ్లయ్యాక, అదే ఇంటి మనిషికి మనసు పుడితే తప్ప ఆ లెక్క అడిగే శక్తి ఎవరికీ లేకపోయింది.

1860 వేసవిలో ఎన్నికల సభల్లో తిరగండి. రిచర్డ్ జాన్సన్ గవర్నర్ పదవికి కుటుంబం అభ్యర్థి. ఎదురుగా లేచిన హెన్రీ మాసీ రెక్టర్ బయటివాడు కాడు. కాన్వేలకు సాక్షాత్తూ మేనమామ కొడుకు. మిసిసిపీ నుంచి వలస వచ్చి హెలీనాలో స్థిరపడిన థామస్ హిండ్‌మన్ అనే నిప్పులాంటి వక్త, సొంత పత్రిక పెట్టి, ఒక్క ఇంటివాళ్ల పెత్తనం చాలని ఊరూరా తిరుగుతున్నాడు. రెక్టర్ తనను తాను సామాన్య రైతుగా చెప్పుకున్నాడు. గెలిచాడు. ముప్పై ఏళ్లు క్రిటెండెన్ పక్షంవాళ్లు చేయలేని పని ఇంటివాడే చేశాడు.

ఈ పోటీలో రెండు వర్గాలకూ తేడా రాని విషయం ఒకటుంది. ఆ ఏడాది జనగణనలో ఆర్కాన్సా జనం 4,35,450. వారిలో బానిసలు 1,11,115 మంది. ఆ జనం విడుదల గురించి జాన్సన్ సభలో గానీ, రెక్టర్ సభలో గానీ ఎవరూ మాట్లాడలేదు. 1861 మే 6న అమెరికా యూనియన్ నుంచి విడిపోవాలని రాష్ట్ర సదస్సు ఓటు వేసింది. చివరి లెక్కలో వ్యతిరేకంగా నిలిచింది ఐజాక్ మర్ఫీ ఒక్కడే. వాల్‌నట్ హిల్ లాంటి తోటలను కాపాడుకోవడంలో రెక్టర్లూ జాన్సన్‌లూ ఒక్కటే. 1862లో మళ్లీ ఎన్నిక జరిగి, గవర్నర్ పదవిలో రెండేళ్లకే రెక్టర్ ఓడి దిగిపోయాడు.

పటం మీద పేర్లు

లిటిల్ రాక్‌లో 1843లో ఏర్పడిన మౌంట్ హోలీ శ్మశానవాటికలో ఇప్పుడు మీరు నడిస్తే సెవియర్, ఎలయాస్ కాన్వే, రాబర్ట్ జాన్సన్, వుడ్రఫ్, చివరకు ఎదురుతిరిగిన హెన్రీ రెక్టర్ కూడా ఒకే ప్రాంగణంలో కనిపిస్తారు. వాల్‌మార్ట్ కేంద్ర కార్యాలయం ఉన్న బెంటన్‌విల్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు లిటిల్ రాక్‌కు కారులో వెళ్తే దారిలో జాన్సన్ కౌంటీ, కాన్వే కౌంటీ దాటుతారు. మొదటిది జడ్జిగారి పేరు, రెండోది లంక మీద తుపాకి దెబ్బ తిన్న హెన్రీ పేరు. దక్షిణాన సెవియర్ కౌంటీ, తూర్పున క్రిటెండెన్ కౌంటీ.

అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయ్యాక కూడా చుట్టరికం పని చేసింది. సెవియర్ కూతురు ఆన్‌ను పెళ్లాడిన థామస్ చర్చిల్ రాష్ట్ర కోశాధికారి అయ్యాడు, 1881లో గవర్నర్ అయ్యాడు. ఆయన కోశాధికారిగా ఉన్న కాలపు లెక్కల్లో పెద్ద తేడా ఉందని శాసనసభ సంఘం తేల్చింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఈసారి ఆ లెక్క అడగడానికి అదే ఇంట్లో ఇంకో ఎలయాస్ పుట్టాల్సిన అవసరం రాలేదు. అడిగే సంఘం ఉంది, అడిగే కోర్టు ఉంది.

ఆర్కాన్సా కథ నుంచి నేను గట్టిగా నమ్మేది ఇదే. అన్నదమ్ములు, బావమరుదులు ప్రభుత్వంలో ఉండటం దానంతటదే నేరం కాదు. కొత్తగా పుట్టిన ఏ రాష్ట్రమైనా మొదట నమ్మకస్తుల చేతుల మీదే నిలబడుతుంది, నమ్మకస్తులు చాలాసార్లు ఇంటివాళ్లే అవుతారు. అధికారంలో ఉన్నవాడిని లెక్క అడిగే చోట మాత్రం అతని ఇంటివాడు కూర్చోకూడదు. హద్దు కొలిచేవాడు ఒక ఇంట్లో ఉంటే తిరిగి కొలిచేవాడు ఇంకో ఇంట్లో ఉండాలి. బాండ్లు అమ్మేవాడు, ఖజానా చూసేవాడు, ఆడిట్ చేసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకే విందుకు వచ్చే చుట్టాలైతే, ఆ విందు ఖర్చు పిలుపు రానివాళ్లే భరిస్తారు. చాక్టాలు, క్వాపాలు, పత్తి చేలల్లోని లక్షకు పైగా బానిసలు, అప్పు పుట్టని చిన్న రైతులు అలాగే భరించారు.